తిప్పి పరవాలి

పెద్దల్లుడికి కడుపుమంట ఏ రోజు మొదలైందో కటింగ్ గదిలో అందరికీ తెలుసు. ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి, పెద్ద బల్ల ముందు, అందరూ చూస్తుండగా మొదలైంది. మందు మింగితే తగ్గే మంటయితే ఏదో ఒకటి మింగి ఊరుకునేవాడు. ఇది పక్కవాణ్ణి చూస్తే రగిలే రకం. ఆ పక్కవాడేమో రోజుకి ఎనిమిది గంటలు కళ్లెదుటే ఉంటాడు.

అతనికి పెద్దల్లుడని పేరు పెట్టింది యజమానురాలు. ఆవిడది కర్టెన్లు కుట్టే కార్ఖానా. హోటళ్లకీ ఆస్పత్రులకీ సభాభవనాలకీ కుట్టి ఇస్తారు. పదకొండేళ్ల కిందట అతను తన భార్య చెల్లెలి మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చి, "మా తోడల్లుడండీ, బుద్ధిమంతుడు, కాస్త పని చూడండి" అని అడిగాడు. ఆవిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "అయితే నువ్వు పెద్దల్లుడివి, ఇతను చిన్నల్లుడు" అంది. ఇంకేముంది, ఒక అత్తగారికి అల్లుళ్లయినవాళ్లు ఆ పూట నుంచి కార్ఖానా మొత్తానికి అల్లుళ్లయిపోయారు.

చిన్నల్లుడికి కత్తెర పట్టడం నేర్పింది పెద్దల్లుడే. బొటనవేలు ఎక్కడుండాలో, గుడ్డని లాగకుండా కత్తెరని ఎలా నడపాలో, గుడ్డ తాను విప్పి బల్ల మీద పరిచేటప్పుడు ముడత పడకుండా కొస ఎలా పట్టుకోవాలో, అన్నీ చేత్తో చెయ్యి పట్టి చూపించాడు. గుడ్డ పరవడానికి ఇద్దరు కావాలి, ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. పదకొండేళ్లుగా ఆ కొస పెద్దల్లుడూ, ఈ కొస చిన్నల్లుడూ. "అన్నయ్యా, ఇలాగేనా? అన్నయ్యా, మీరొకసారి చూడండి" అంటూ చిన్నల్లుడు వెంటవెంటే తిరిగేవాడు. ఆ 'అన్నయ్యా, మీరు' పెద్దల్లుడికి బాగుండేది. ఎంత బాగుండేదో అప్పట్లో అతనికే తెలియదు.

కటింగ్ గదిలో ఒక పద్ధతి ఉంది. గుడ్డ మీద గీత గీసే నీలం సుద్ద ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఆ ఒక్కరే మాస్టారు. మిగతావాళ్లు పరుస్తారు, కోస్తారు, మడతపెడతారు, గీత మాత్రం గియ్యరు. సుద్ద ఎవరి చేతిలో ఉంటే వాళ్లని గదిలో అందరూ 'మాస్టారూ, మీరు' అనాలి. యజమానురాలు కూడా అనాలి. మిగతా అందర్నీ ఆవిడ 'నువ్వు' అనే అంటుంది, మెచ్చుకున్నా నువ్వే, తిట్టినా నువ్వే. ఇరవై రెండేళ్లుగా పెద్దల్లుడు ఆవిడ నోట 'నువ్వు' వింటున్నాడు. పాత మాస్టారంటే అతనికి ప్రాణమే. అయినా ఆయన చూపు ఎప్పుడు తగ్గుతుందా అని లోపల్లోపల లెక్కవేసుకుంటూనే ఉన్నాడు.

చూపు తగ్గనే తగ్గింది. పాత మాస్టారు అందరికీ చెప్పి ఇంటికి వెళ్లిపోయారు. ఆ ఆదివారం పెద్దల్లుడు క్షవరం చేయించుకుని, బీరువాలోంచి తెల్లచొక్కా తీసి ఇస్త్రీ చేసుకున్నాడు.

"ఏమిటి సంగతి, మళ్లీ పెళ్లా?" అంది భార్య.

"మామూలు రోజున తెల్లచొక్కా వేసుకుంటే నేరమా?" అన్నాడు.

సోమవారం యజమానురాలు సుద్దముక్క పట్టుకుని గదిలోకి వచ్చింది. అల్లుళ్లిద్దరూ, రెండో బల్ల దగ్గర పనిచేసే పొడుగాయనా, అతని జోడీ, నలుగురూ వరసగా నిలబడ్డారు. పెద్దల్లుడి చెయ్యి దానంతటదే కాస్త ముందుకొచ్చింది. సుద్ద ఆ చేతిని దాటి వెళ్లి పక్కనున్న చిన్నల్లుడి అరచేతిలో పడింది. "ఇవాళ్టి నుంచి మీరు మాస్టారు" అంది ఆవిడ. ముందుకొచ్చిన చేతిని ఏం చెయ్యాలో తోచక పెద్దల్లుడు బల్ల మీది టేపు తీసి, ఎవరూ కొలవమనని బల్లని కొలిచాడు. పన్నెండడుగులు. ఎప్పుడు కొలిచినా పన్నెండే.

మధ్యాహ్నం ఆవిడ గదికి వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాడు. అడగదలుచుకున్నది గొంతులోనే ఉండగా ఆవిడే అంది. "నీ చేతికి గుడ్డ లొంగుతుంది, నాకు తెలుసు. అతని నోటికి మనుషులు లొంగుతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నాకు ఊరక్కర్లేదు, ఆ గది మంచిదైతే చాలు. వెళ్లి పని చూసుకో."

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ కొమ్ములకి నూనె రాసి పెంచింది కూడా చెవులే అయితే ఇక ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలి? ఏకై వచ్చి మేకైనవాణ్ణి పెద్దల్లుడు ఆ రోజు నుంచి మనసులో తోడల్లుడు అనడం మానేశాడు. మా మరదలి మొగుడు అని మాత్రం అనుకునేవాడు, ఏదో దారిన పోయేవాణ్ణి అన్నట్టు.

అక్కణ్ణుంచి అసలు తంటా మొదలైంది. అతన్ని ఏమని పిలవాలి? గది పద్ధతి ప్రకారం 'మీరు' అనాలి. తను వేలు పట్టి నేర్పినవాణ్ణి, తనకన్నా తొమ్మిదేళ్లు చిన్నవాణ్ణి 'మీరు' అనడానికి నాలుక తిరగడం లేదు. పోనీ ఎప్పటిలా 'నువ్వు' అందామంటే మిగతా ఇద్దరూ తలెత్తి చూస్తారు, పెద్దల్లుడికి కుళ్లు అనుకుంటారు. కుళ్లు కాదా అంటే కుళ్లే. వాళ్లెందుకు అనుకోవాలని అతని బాధ.

రెండ్రోజులు నోరు మూసుకుని మూడో రోజు దారి కనిపెట్టాడు. తెలుగు భాష చల్లని తల్లి, మనిషిని వేలెత్తి చూపించకుండానే మాట్లాడనిస్తుంది. "టీ తాగడం అయిందా?" అన్నాడు. ఎవరు తాగడం? చెప్పక్కర్లేదు. "ఈ ముక్క ఎక్కడ పెట్టడం?" "లైనింగు గుడ్డ వచ్చినట్టుంది." అందులో నువ్వూ లేదు, మీరూ లేదు. పరువూ దక్కింది, పంతమూ నెగ్గింది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

పొడుగాయన ఊరుకునే రకం కాదు. "పెద్దల్లుడుగారు మాట్లాడుతుంటే రేడియోలో వాతావరణం విన్నట్టుంటోందయ్యా" అన్నాడు ఒకరోజు. "వాన పడవచ్చును, గాలి వీచవచ్చును అంటారు. ఎవరి నెత్తిన పడుతుందో మాత్రం చెప్పరు."

అతని జోడీ విరగబడి నవ్వాడు. చిన్నల్లుడు నవ్వలేదు. నవ్వితే బాగుండేది, పొగరుపోతు అని ఒక్క మాటతో తేల్చేసి హాయిగా ఉండేవాడు పెద్దల్లుడు. సుద్ద చేతికొచ్చాక కూడా చిన్నల్లుడు ప్రతి పొద్దునా "అన్నయ్యా, మీరు టీ తాగారా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ మంచితనం పుండు మీద కారమైంది.

ఈ కొత్త భాషతో ఒక చిక్కుంది. "కత్తి పదును పెట్టాలి" అని గాల్లోకి అంటే గాలి వచ్చి పదును పెట్టదు కదా. ఎవర్నీ అనలేదు కాబట్టి ఎవరూ కదలరు. కాసేపు చూసి పెద్దల్లుడే లేచి పెట్టుకునేవాడు. "కిటికీ మూయాలి" అని తనే మూసేవాడు. "తాను పైకెక్కించాలి" అని తనే భుజాన వేసుకుని ఎక్కించేవాడు. రెండు నెలలు గడిచేసరికి చిన్నల్లుడి మనసులో ఒకటి స్థిరపడిపోయింది. అన్నయ్య ఏదైనా 'చెయ్యాలి' అన్నాడంటే ఆ పని అన్నయ్యే చేసేస్తాడు. ఆ ధైర్యంతో "అలాగే అన్నయ్యా" అని తన పనిలో తను పడేవాడు.

ఇంట్లో మాత్రం సుఖముందా? అత్తగారింట్లో కిటికీ పక్కన ఒక చేతుల కుర్చీ ఉంది. మామగారు పోయాక అందులో పెద్దల్లుడే కూర్చునేవాడు. ఆ నెల వెళ్లేసరికి అందులో చిన్నల్లుడు కూర్చుని అత్తగారి కళ్లద్దాలకి మర బిగిస్తున్నాడు. అన్నయ్యని చూడగానే లేవబోయాడు.

"మీరు లేవకండి అల్లుడుగారూ" అంది అత్తగారు. "రోజంతా నలుగురి చేత పని చేయించి అలిసిపోయి ఉంటారు." తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగి, "నువ్వు మనవాడివే కదా నాయనా, ఆ స్టూలు ఇలా లాక్కో" అంది.

ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. పెద్దల్లుడు స్టూలు మీద కూర్చుని ఇచ్చిన టీ తాగాడు. భార్యతో తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా పళ్లు కొరుకుతూనే ఉన్నాడు.

"అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట" అంది భార్య, ఇల్లు దగ్గర పడుతుండగా. "మగవాళ్లకి ఆ బాధ లేదనుకున్నాను. మీకు తోడల్లుళ్లున్నారని మర్చిపోయాను."

"నాకే బాధా లేదు."

"లేదుగా మరి, ఆ పళ్లు కొరుకుడు ఎవరిదో. చూడండి, మా చెల్లెలి మొగుణ్ణి మీరు అనడానికి మీకు మనసు రాదు, నువ్వు అనడానికి ధైర్యం చాలదు. ఏదో ఒకటని పిలవండి. అతనూ మనిషే కదా."

"చూడాలి" అన్నాడు. ఎవరు చూడాలో చెప్పలేదు.

ఆ వారంలోనే పెద్ద పని వచ్చింది. కొత్తగా కట్టిన సభాభవనంలో వేదికకి ముదురెరుపు వెల్వెట్ తెర కావాలి. ఎడమకి ఎనిమిది ముక్కలు, కుడికి ఎనిమిది. దానికోసం రెండు తానులు దించారు. వెల్వెట్‌కి నూగు ఉంటుంది. పిల్లి వీపు నిమిరినట్టే, ఒక వైపు రాస్తే మెత్తగా జారుతుంది, ఎదురు రాస్తే గరుకుగా లేస్తుంది. తెర మొత్తానికి నూగు ఒకే వైపు వాలి ఉండాలి. సగం పైకీ సగం కిందికీ ఉంటే, దీపాలు వేయగానే ఒకే గుడ్డ రెండు రంగులుగా కనిపిస్తుంది.

తానులు దించుతుంటే పెద్దల్లుడు అలవాటుగా రెండింటి కొసల మీదా అరచెయ్యి రాశాడు. మొదటిది మెత్తగా జారింది. రెండోది ఎదురు తిరిగింది. మిల్లువాళ్లు దాన్ని తిరగేసి చుట్టారన్నమాట. ఆ సంగతి గదిలో ఇంకెవరి చేతికీ అంత తొందరగా తెలిసేది కాదు. లోపల కాస్త గర్వపడ్డాడు.

చిన్నల్లుడు తలుపు దగ్గర నిలబడి సభాభవనం వాళ్లతో ఫోన్లో కొలతలు మాట్లాడుతున్నాడు. పెద్దల్లుడు అతని పక్కనుంచి వెళుతూ, గోడ వైపు చూసి అన్నాడు. "రెండో తాను తిప్పి పరవాలి."

చిన్నల్లుడు ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "అలాగే అన్నయ్యా" అన్నాడు.

అన్నవాడు, చెప్పేశాననుకున్నాడు. విన్నవాడు, అన్నయ్య చూసుకుంటాడనుకున్నాడు.

మొదటి తాను పెద్ద బల్ల మీద అల్లుళ్లిద్దరూ కలిసి పరిచారు, పెద్దల్లుడు కోశాడు. మధ్యాహ్నం రెండో తానుని రెండో బల్ల మీద పొడుగాయనా అతని జోడీ పరిచారు. వెల్వెట్‌ని ఎప్పుడూ బోర్లా పరుస్తారు, గీతలు వెనకవైపే గీస్తారు, కాబట్టి నూగు ఎటు వాలి ఉందో పైనుంచి చూస్తే తెలియదు. చిన్నల్లుడు వచ్చి చకచకా గీసి, కోత యంత్రం తేవడానికి అవతలికి వెళ్లాడు. పెద్దల్లుడు మెల్లగా ఆ బల్ల దగ్గరికి నడిచి, గుడ్డ కింద చెయ్యి పెట్టాడు. అరచేతికి గరుకుగా తగిలింది. ఎవరూ తిప్పలేదు.

ఇంకా కోత పడలేదు. ఒక్క మాట అంటే చాలు. ఏమని అనాలి? ఈసారి గోడకి చెబితే సరిపోదు. 'నువ్వు తిప్పించలేదేం?' అనైనా అడగాలి, 'మీరు తిప్పించలేదేం?' అనైనా అడగాలి. రెండూ గొంతు దాకా వచ్చి ఆగాయి. వాటి వెనకాలే ఇంకో ఆలోచన వచ్చింది, పైకి చెప్పుకుంటే సిగ్గుచేటైనది. మనుషుల్ని లొంగదీసే నోరు కదా, ఈ గుడ్డని ఎలా లొంగదీస్తుందో చూద్దాం. చెప్పాల్సింది ఒకసారి చెప్పాను, వినకపోతే ఆయన ఖర్మ. చెయ్యి బయటికి తీసి ప్యాంటుకి తుడుచుకుని తన బల్ల దగ్గరికి వచ్చేశాడు. కాసేపటికి వెనక యంత్రం మొదలైన చప్పుడు వినిపించింది.

నాలుగు రోజుల తర్వాత తెర కట్టి దీపాలు వేశారు. ఎడమ సగం నల్లద్రాక్ష రంగులో నిండుగా ఉంది. కుడి సగం పదిసార్లు ఉతికి ఎండేసినట్టు వెలవెలబోతోంది. "రెండు కొట్లలో కొన్నారా అండీ?" అన్నాడు భవనం మేనేజరు. తిరగేసి కడదామంటే పైన ఇత్తడి రింగులకి రంధ్రాలు కొట్టేశారు, కింద అంచు వంపుగా కోసేశారు. కుడి సగమంతా దండగ.

"ఇది ఎవరు చూసుకోవాలి?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు.

పెద్దల్లుడు సిద్ధంగానే ఉన్నాడు. నాలుగు రోజులుగా ఈ ఘడియ కోసమే మాటలు పేర్చుకున్నాడు. అతను నోరు తెరిచేలోగా చిన్నల్లుడు ఒక అడుగు ముందుకేశాడు.

"తప్పు నాదేనండీ. తిప్పి పరవాలని అన్నయ్య ముందే చెప్పారు. నేనే సరిగ్గా వినలేదు. గీత గీసినవాణ్ణి నేను, కింద చెయ్యి పెట్టి చూసుకోవాల్సింది నేనే."

ఒక అబద్ధం లేదు, ఒక సాకు లేదు. పెద్దల్లుడు పేర్చుకున్న మాటలన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. వీడు పడిపోతూ కూడా నాకంటే పైమెట్టు మీదే పడుతున్నాడు అనుకున్నాడు. పగవాడు ఓడిపోతే చల్లబడాల్సిన కడుపు ఇంకా మండింది.

మర్నాడు పొద్దున పొడుగాయన చిన్నల్లుణ్ణి పక్కకి పిలిచి ఏదో చెప్పడం పెద్దల్లుడు చూశాడు. చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళితే చిన్నల్లుడు అక్కడే ఉన్నాడు.

"అన్నయ్యా" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "ఆ రోజు కోతకి ముందు మీరు రెండో బల్ల దగ్గరికొచ్చి గుడ్డ కింద చెయ్యి పెట్టారట. పొడుగాయన చూశాడట."

కుళాయి కారుతూనే ఉంది.

"ముందే చెప్పడం జరిగింది" అన్నాడు పెద్దల్లుడు.

"జరిగింది, నిజమే." చిన్నల్లుడు కుళాయి కట్టేసి ఇటు తిరిగాడు. ముఖంలో కోపం లేదు, అర్థం కానిదేదో చూస్తున్నట్టుంది. "ఎవరికి చెప్పారన్నయ్యా?"

చిన్నల్లుడు చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఇక యజమానురాలికి చెప్పేస్తాడని పెద్దల్లుడు సాయంత్రం దాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. చెప్పలేదు. సాయంత్రం ఆవిడే పిలిపించి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, "రేపట్నుంచి ఇది మీరు పట్టుకోండి. మీరు ముందే చెప్పారు, నేనే మిమ్మల్ని పక్కన పెట్టాను" అంది.

మీరు. మిమ్మల్ని. ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన మాటలు రెండు ఒక్క పూటలో వచ్చిపడ్డాయి. ఇంటికెళ్లి సుద్ద భార్య ముందు పెట్టాడు.

"సంతోషం" అంది ఆవిడ, సుద్ద ముట్టుకోకుండానే. "ఇందాక మా చెల్లెలు ఫోన్ చేసింది. ఏం అనలేదు పాపం. ఆయన అన్నం తినలేదని చెప్పింది, అంతే."

"దానికి నన్నేం చెయ్యమంటావు?"

"మీరు అన్నం తినండి, చల్లారిపోతోంది."

తిన్నాడు. సహించలేదు.

మర్నాడు పొద్దున తెల్లచొక్కా వేసుకుని, జేబులో సుద్దతో పెద్ద బల్ల ముందు నిలబడ్డాడు. కుడి సగం మళ్లీ కోయడానికి కొత్త తాను వచ్చింది. టీ తాగారా అని ఎవరూ అడగలేదు. తాను కొస మీద అరచెయ్యి రాశాడు. ఇదీ ఎదురు తిరిగింది.

"ఈ తాను తిప్పి పరవాలి" అన్నాడు. రెండు నెలల అలవాటు, నోరు దానంతటదే అనేసింది.

ఎవరూ కదల్లేదు. పొడుగాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అతని జోడీ నేల చూస్తున్నాడు. చిన్నల్లుడు తన పాత మూల నుంచి రెండడుగులు ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, మెత్తగా అడిగాడు.

"ఎవరు తిప్పాలి, మాస్టారూ?"

పెద్దల్లుడు ఆ గొంతులో వెక్కిరింత కోసం వెతికాడు. దొరకలేదు. కోపం కోసం వెతికాడు, అదీ లేదు. గది పద్ధతి ప్రకారం ఏది అనాలో అదే అన్నాడు చిన్నల్లుడు, ఎంత మర్యాదగా అనాలో అంత మర్యాదగానే అన్నాడు. పదకొండేళ్లుగా ప్రతి మాటకీ తోక అయి వచ్చిన ఆ ఒక్క పిలుపే అందులో లేదు. కావాలనుకున్నవన్నీ జేబులోకొచ్చాక, ఏది పోగొట్టుకున్నాడో పెద్దల్లుడికి అప్పుడు తెలిసింది.

"నేనే తిప్పుతాను" అన్నాడు.

కొస పట్టుకుని ఎత్తాడు. వెల్వెట్ బరువు, ఒక్కడి చేతికి లొంగేది కాదు, మధ్యలో కుప్పగా జారింది. చిన్నల్లుడు వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తాను తిప్పారు, బల్లకి ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ నిలబడి పరవడం మొదలుపెట్టారు. నడుమన ఒక ముడత లేచింది.

"కాస్త నీ వైపు లాగు తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు.

నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని అతను అనుకోలేదు. పదకొండేళ్లలో ఎన్నడూ అనని మాట. అనేసి, చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని, అవతలి నుంచి రావాల్సిన మాట కోసం చూశాడు.

"అలాగే మాస్టారూ" అన్నాడు చిన్నల్లుడు. ముడత పోయేదాకా లాగి, కొస బల్ల అంచుకి సరిగ్గా ఆనించాడు.